మోకాళ్ళ మీద నిద్ర

దయానందం తాగుడు మానేశాడు. మానేస్తే బాగుపడతావని చెప్పనివాడు వన్ టౌన్‌లో లేడు. పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు, పాస్టరు గారు చెప్పారు, ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ చేసే చలమయ్య చెప్పాడు, ఆఖరికి సారా పోసే నూకాలు కూడా గ్లాసు చేతికిస్తూనే చెప్పింది. కానీ మానేశాక మనిషి ఇంతలా అలిసిపోతాడని మాత్రం ఒక్కరూ అనలేదు. అంటే వాళ్ళ నోటి ముత్యాలేమైనా రాలిపోయేవా?

మొదట్లో వణుకు వచ్చింది, చెమటలు పట్టాయి, గోడంతా చీమలు పాకుతున్నట్టు కనిపించింది. అదంతా ఆసుపత్రి మంచం మీదే అయిపోయింది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు ఒళ్ళు తేలిగ్గానే ఉంది. గడ్డం గీసుకున్నాడు, గదికి సున్నం వేశాడు, కిరసనాయిలు స్టవ్వు విప్పి వత్తులు మార్చాడు. హమ్మయ్య, గట్టెక్కేశాననుకున్నాడు. సరిగ్గా అప్పుడు మీద పడింది అలసట. లేస్తూనే అలసట. పళ్ళు తోముకుంటే అలసట, చెప్పులు వేసుకుంటే అలసట. ఒంట్లో ఎముకలు తీసేసి తడి ఇసుక కూరినట్టుండేది. రాత్రి చాప మీద వాలితే కళ్ళు మూతపడవు, పగలు ఎక్కడ కూచుంటే అక్కడ మూతపడతాయి. బెల్లం ముక్క కోసం ప్రాణం లాగేది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళితే, ఇన్నేళ్ళ తాగుడికి ఒళ్ళు చితికిపోయింది, అది ఇప్పుడు బాగుపడే పనిలో ఉంది, నెలలు పడుతుంది, బాగా తిను, బాగా పడుకో అన్నాడాయన. ఇదా వైద్యం అని దయానందానికి ఒళ్ళు మండింది. మండటానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాడు.

అతను హార్బర్లో కలాసీ. ఓడల్లోంచి దిగిన ఎరువు బస్తాల్ని భుజాన వేసుకుని, వాలుగా పెట్టిన చెక్క మీదుగా ఎక్కి వేగన్లో దించే ముఠాలో పని. తాగిన రోజుల్లో ఆ చెక్క మీద ఏనాడూ తూలలేదు. మానేశాక ఒక పొద్దున, సగం చెక్క ఎక్కేసరికి మోకాళ్ళు మడత పడిపోయాయి. బస్తా ఒకవైపు, తనొకవైపు. ముఠా అంతా పగలబడి నవ్వింది. జత పనివాడు అప్పలసూరి వచ్చి రెక్క పట్టుకుని లేపాడు.

"అదేటి బావా, తాగినన్నాళ్ళూ నిలబడ్డావు, మానీసి పడిపోతన్నావేటి?" అన్నాడు.

వేళాకోళమాడాడు గానీ మంచివాడు అప్పలసూరి. తనే వెళ్ళి మేస్త్రీతో మాట్లాడి దయానందానికి చిరిగిన బస్తాలు కుట్టే పని ఇప్పించాడు. అది నడుం వంగిపోయిన ముసలాళ్ళు చేసే పని. షెడ్డు నీడలో చతికిలబడి, దబ్బనంలో పురికొస ఎక్కించి, చిరుగు మీద చిరుగు కుట్టుకుంటూ పోవాలి. అక్కడా కునుకే. దబ్బనం బస్తాలో గుచ్చి, బయటికి లాగే లోపల తల వాలిపోయేది. ఎదురుగా కూచున్న ముసలాయన జాలిపడి కాలితో తట్టి లేపేవాడు.

పని సంగతి అలా ఉంచండి. అసలు నరకం సాయంత్రం. పని దిగి గేటు దాటగానే ముఠా అంతా ఎడమవైపు, నూకాలు కొట్టు సందులోకి మళ్ళేది. దయానందం ఒక్కడూ కుడివైపు మళ్ళాలి. మొదట్లో రారా అని లాగేవారు. లాగినప్పుడు విసుక్కున్నాడు. తర్వాత పిలవడం మానేశారు. పిలవడం మానేశాక తెలిసింది, ఇన్నేళ్ళూ తనకున్న చుట్టరికమంతా ఆ సందులోనే ఉందని. ఇంటికొచ్చి తాళం తీసి, గడప మీద కూచుని చలమయ్య ఇస్త్రీ పెట్టె అటూ ఇటూ కదలడం చూస్తూ ఉండేవాడు. పలకరించేవాడు లేడు. తాగి అరిచినప్పుడు తిట్టడానికైనా నలుగురు వచ్చేవారు. ఇప్పుడు ఆ నలుగురూ లేరు.

భార్య ప్రేమలీల అతను మానడానికి ముందే వెళ్ళిపోయింది. మిషను బళ్ళో ఆయా ఆమె. ఒకరోజు బడి నుంచి వచ్చి, బట్టలు ట్రంకు పెట్టెలో సర్దుకుని, గాజువాకలో అక్క ఫ్లోరెన్స్ ఇంటికి పోయింది. తిట్టలేదు, ఏడవలేదు. అలిసిపోయాను, అంది. అప్పుడా మాట దయానందానికి అర్థం కాలేదు. ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

అలసట మొదలైన కొత్తలో నున్నగా గడ్డం గీసుకుని గాజువాక వెళ్ళాడు. ఉక్కు ఫ్యాక్టరీ పునాదుల పనులు నడుస్తున్న రోజులు. లారీల దుమ్ములో పడి ఆ ఇల్లు వెతుక్కునేసరికి వేసుకున్న తెల్లచొక్కా ఎర్రగా అయింది. ఫ్లోరెన్స్ గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"మానీసానని నువ్వు సెప్పడం ఇది ఎన్నోసారి మరిదీ? నీ మాట మాకొద్దు. సంఘం నిన్ను మళ్ళీ బల్ల కాడికి రానిచ్చిన రోజున దీన్ని పంపుతాను."

తలుపు వెనక ప్రేమలీల చీర అంచు కనిపించింది. మనిషి బయటికి రాలేదు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. దిగాల్సిన చోటు దాటిపోయి, చివరి స్టాపులో కండక్టరు చీదరగా భుజం తట్టి లేపితే దిగి, వచ్చిన దారంతా కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు.

బల్ల అంటే వాళ్ళ చర్చిలో నెలకోసారి ఆదివారం జరిగే ప్రభు బల్ల. రొట్టె ముక్కల పళ్ళెం, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం వరస వెంట ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళతాయి. తాగుబోతని సంఘం దూరం పెట్టినవాడు మాత్రం పళ్ళెం అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కవాడికి ఇచ్చేయాలి. అందరూ చూస్తుండగా ఇవ్వాలి. దయానందం ఏళ్ళ తరబడి అలా ఇచ్చాడు. తాగిన మత్తులో అదేమంత పట్టలేదు. మానేశాక మొదటిసారి ఇచ్చినప్పుడు మాత్రం తల తీసేసినట్టయింది. మళ్ళీ బల్లకు రానివ్వాలంటే సంఘ పెద్దలు మనిషి మారాడని చూడాలి. చూడాలంటే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు రమ్మన్నారు.

సరే, ఒక శుక్రవారం పని మానుకుని వెళ్ళాడు. ఖాళీ కడుపు. మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు, అందరూ చాపల మీద మోకాళ్ళూని, ముందున్న బెంచీ మీద మోచేతులు ఆనించి, మొహం చేతుల్లో పెట్టుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థన చేస్తున్నారు. ఆ సంఘంలో ఒక పద్ధతుంది. ఆమెన్ అన్నాక అందరూ లేస్తారు. ఎవరైనా లేవకుండా మోకాళ్ళ మీదే ఉండిపోతే ఎవరూ కదిలించరు. అతని మీద ప్రార్థన భారం పడిందని, దేవుడి ముందు గుండె పగిలి ఏడుస్తున్నాడని లెక్క. గొంతు తగ్గించి, అడుగుల చప్పుడు కాకుండా తప్పుకుంటారు.

సంఘ పెద్ద కృపాకర్ గారు ప్రార్థన మొదలెట్టారు. మంచి గొంతు ఆయనది, నెమ్మదిగా, ఊయల ఊపినట్టుగా సాగుతుంది. పరలోకమందున్న అనడం వరకే దయానందం విన్నాడు. ఆ తర్వాత ఆమెన్ వినలేదు, జనం లేవడం వినలేదు, తలుపులు వేయడం వినలేదు. మానేసిన తర్వాత అంత గాఢమైన నిద్ర అతనికి అదే మొదలు.

వీపు మీద ఎవరిదో చెయ్యి పడితే మెలకువ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి. మొహమంతా తడి, బెంచీ మీద తడి. పక్కన కృపాకర్ గారు తనూ మోకాళ్ళూని, తెల్లటి మీసాల మీదికి కన్నీళ్ళు కారుతుంటే చూస్తున్నారు.

"ఎంతసేపు ఏడిశావురా నాయనా," అన్నారాయన.

దయానందం నోరు తెరిచాడు. అయ్యా, నాను, అనేలోపల ఆయన రెండు చేతులూ చాపి గుండెకు హత్తుకున్నారు. ఏమీ చెప్పొద్దు, అది నీకూ ఆయనకూ మధ్య అన్నారు. ప్రేమలీల వెళ్ళిపోయాక మనిషన్నవాడు దయానందాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆసుపత్రిలో సూది పొడవడం వేరు, ముఠావాళ్ళు భుజం మీద చరచడం వేరు. నిజం చెబితే ఆ చేతులు తీసేస్తారేమోనని భయమేసింది. అందుకని చెప్పలేదు. అంతే సంగతి. పెద్ద పన్నాగమేమీ కాదు.

ఆ కబురు గాజువాకకు సిటీ బస్సుకన్నా ముందు వెళ్ళిపోయింది. దయానందం మూడు గంటలు మోకాళ్ళ మీంచి లేవలేదట, బెంచీ తడిసి ముద్దయిందట, ఉపవాసంతో కళ్ళు పీక్కుపోయాయట. చెప్పినవాళ్ళంతా తలో గంట కలుపుకున్నారు. బల్ల ఆదివారం దయానందం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెబితే ఆ రోజే బల్లకు రానిస్తామన్నారు పాస్టరు గారు. సాక్ష్యమంటే తన బతుకులో దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం. ఫ్లోరెన్స్ కబురంపింది, ఆ ఆదివారమే ప్రేమలీలను పెట్టెతో సహా తీసుకొస్తున్నానని.

దయానందానికి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ పూటే గది తుడిచాడు. ఆమె పీట కడిగాడు. ఆ తర్వాత కూచుని ఆలోచిస్తే గుండెలో రాయి పడింది. లేని ప్రార్థనని ఉన్నదిగా చేసేద్దామని ఇంట్లో తలుపు వేసుకుని మోకాళ్ళూనాడు. నిజంగా ఏడుద్దామనుకున్నాడు. ఏడవడానికి కావలసినంత ఉంది కూడా. రెండు మాటలు అన్నాడో లేదో, లేచేసరికి చాప అచ్చు నుదుటి మీద పడి ఉంది. మర్నాడూ అంతే. సిగ్గుతో చచ్చిపోయాడు.

షెడ్డులో అప్పలసూరికి చెప్పాడు. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. కునుకు తీసినందుకు పెళ్ళాం తిరిగొచ్చేస్తుందంటే తనూ రోజూ మీ చర్చికి వస్తానన్నాడు. తర్వాత దయానందం మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"సెప్పకు బావా. నోరు మూసుకుని ఆవిడిని ఇంటికి తెచ్చీసుకో. ఎవలికేటి నష్టం?"

ఆ మాటలో తప్పేముంది? నష్టం ఎవరికీ లేదు. దయానందం కూడా అదే అనుకున్నాడు, రోజంతా అదే అనుకుంటూ బస్తాలు కుట్టాడు. కానీ తాగుడు సంగతి అతనికి తెలిసినట్టు అప్పలసూరికి తెలియదు. ఒక అబద్ధమాడితే అది మరిచిపోవడానికి ఒక గుక్క కావలసి వచ్చేది, ఆ గుక్కని దాచడానికి మళ్ళీ అబద్ధం. అన్నేళ్ళూ అలాగే గడిచాయి. ఇప్పుడు ప్రేమలీల వచ్చి, ప్రార్థనలో కరిగిపోయిన మొగుడి కోసం చూస్తుంది. కనబడేది పట్టపగలు గోడవార పడి నిద్రపోయే మనిషి. అప్పుడేం చెప్పాలి? అలాగని నిజం చెబితే ఆమె రాదు. ఆమె రాకపోతే ఈ గదిలో, ఈ అలసటతో, ఒక్కడూ ఎన్నాళ్ళు ఓర్చుకోగలడో అతనికే నమ్మకం లేదు. కుడివైపు మళ్ళే దారి రోజురోజుకీ బరువవుతోంది.

బల్ల ఆదివారం వచ్చింది. చర్చి గేటు దగ్గర రిక్షా ఆగి ఉంది. రిక్షాలో పచ్చరంగు ట్రంకు పెట్టె. దాన్ని చూసీ చూడనట్టు దయానందం గేటు దాటాడు. లోపల ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఫ్లోరెన్స్ పక్కన తెల్లచీరలో ప్రేమలీల కూచుని ఉంది. చిక్కిపోయింది. పాపిడి పక్కన వెంట్రుకలు నెరిశాయి. ఒక్కసారి తలతిప్పి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది. కోపమున్నా బాగుండేదనిపించింది అతనికి.

పాస్టరు గారు పేరు పిలిచారు. కృపాకర్ గారు లేచి ఆ శుక్రవారం తను కళ్ళారా చూసినదంతా చెప్పి, దయానందాన్ని ముందుకు పిలిచారు. వెళ్ళి నిలబడ్డాడు. అందరి మొహాలూ తన వైపే, అందరూ ముందుగానే మెత్తబడి ఉన్నారు. నాలుగు మంచి మాటలు అంటే చాలు, అయిపోతుంది. అందరూ అనే మాటలే. నాలుక చివరనే ఉన్నాయి.

"ఆ రోజు నాను ప్రార్థన సెయ్యలేదండి," అన్నాడు. "నిద్రోయాను."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు.

"మానీసిన కాడి నుంచి ఒకటే నీరసం. కూసుంటే నిద్ర, మోకాళ్ళేసుకుంటే నిద్ర. ఆ బెంచీ మీద తడి కన్నీళ్ళు కాదండి, సొల్లు. పెద్దయ్య గారు కావిలించుకుంటే సెప్పలేకపోనాను. తాగలేదు, అదొక్కటీ నిజం. అంతకుమించి సెప్పుకోడానికి నా కాడ ఏటీ లేదు."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కృపాకర్ గారి మొహం కందిపోయింది. పాపం, ఆయన ఊరంతా చెప్పుకున్నారు, ఇప్పుడు ఊరంతా ఆయన్ని చూస్తోంది. కూచో, అన్నారు, మొహం చూడకుండా. పెద్దలు నలుగురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. దయానందం సంగతి వచ్చే నెల చూద్దామని పాస్టరు గారు మెల్లగా ప్రకటించి, బల్ల మొదలెట్టారు.

పళ్ళెం మగవాళ్ళ వైపు వచ్చింది. దయానందం అందుకుని పక్కవాడికి ఇచ్చేశాడు. పోయింది, అనుకున్నాడు. ఆవిడ పోయింది. తల పైకెత్తి ఆఖరుసారి చూద్దామని అటు చూశాడు.

ఆడవాళ్ళ వైపు పళ్ళెం మూడో వరసకు చేరింది. ఫ్లోరెన్స్ రొట్టె ముక్క తీసుకుని చెల్లెలికి అందించింది. ప్రేమలీల పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ బల్ల తప్పని మనిషి ఆమె, ఒక్క మాట పడని మనిషి. పళ్ళెం వైపు కాసేపు చూసింది. ఏమీ తీసుకోకుండా పక్కావిడకి ఇచ్చేసింది. పక్కావిడ తెల్లబోయి పళ్ళెం వెనక్కి అందించబోయింది. ప్రేమలీల తల అడ్డంగా ఊపింది. ద్రాక్షరసం గ్లాసులు వచ్చినప్పుడూ అంతే. సంఘమంతా చూసింది. దయానందం చూశాడు, చూడలేక తల దించుకున్నాడు.

బయట ఫ్లోరెన్స్ మండిపడుతోంది. పెట్టె బస్టాండుకి పోనీమని రిక్షావాడికి చెప్పింది. ప్రేమలీల వన్ టౌన్‌లో సందు పేరు చెప్పింది.

"సంఘం ఒప్పుకోలేదు గదే," అంది ఫ్లోరెన్స్.

"సంఘం ఒప్పుకుంటే ఎల్తానన్నది నువ్వు, నాను కాదు," అంది ప్రేమలీల.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఆమె రిక్షాలో, అతను పక్కన నడుస్తూ. ఇంటికొచ్చాక కొంగు బిగించి, మంచం కింద చూసింది, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కెలికింది, పీట ఎక్కి అటక మీద తడిమింది. ఒకప్పుడు సీసాలు దొరికిన చోట్లు అవి. దయానందం గోడకానుకుని చూస్తూ కూచున్నాడు. ఏమీ దొరకలేదు. దొరకలేదని ఆమె మొహం విప్పారలేదు. అన్నం వండింది, పెట్టింది, తను తర్వాత తింది.

చేతులు కడుక్కోగానే ఎప్పటిలాగే అలసట వచ్చి మీద పడింది. నడి మధ్యాహ్నం. ఇంతకాలానికి పెళ్ళాం ఇంటికొస్తే మేలుకుని నాలుగు మాటలాడాలని ఎంతో ఉంది, ఒళ్ళు వింటేగా. సిగ్గుపడుతూనే చాప మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గాజుల చప్పుడు దగ్గరికి వచ్చింది. మొహం మీద నీడ పడింది. ఆమె ఊపిరి బిగబట్టి, అతని మూతి దగ్గరికి వంగి వాసన చూసింది.

దయానందానికి గుండెలో ముల్లు దిగినట్టయింది. అయినా కదల్లేదు. తర్వాత కళ్ళు తెరిచాడు. ఆమె దొరికిపోయినదానిలా గభాలున వెనక్కి జరిగింది.

"నానింకా నిద్రోలేదు లీలా," అన్నాడు. "పర్లేదు. మళ్ళీ సూసుకో."

నోరు తెరిచి ఊపిరి మొత్తం వదిలాడు.

ప్రేమలీల సిగ్గుపడి ఊరుకుంటుందనుకున్నాడు. ఊరుకోలేదు. కన్నీళ్ళు బుగ్గల మీదికి జారుతుండగానే మళ్ళీ వంగి, తొందర లేకుండా, నిదానంగా వాసన చూసింది.

"పడుకో," అంది.